బరువు ఎక్కువున్న రోగుల పెట్ స్కాన్‌లో నాయిస్: ఫిల్టర్ పెంచాలా, సమయం పెంచాలా, ఏఐ సాఫ్ట్‌వేర్ కొనాలా?

సాగర్_పెట్‌టెక్ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. ఇక్కడ ఒక పెట్-సీటీ కేంద్రంలో టెక్నాలజిస్టుగా పనిచేస్తున్నాను. మా యంత్రం కొంచెం పాతదే అయినా లుటీషియం స్ఫటికాలు, టైమ్ ఆఫ్ ఫ్లైట్ (కిరణాలు చేరిన సమయం తేడాను కొలిచే సౌకర్యం) ఉన్నాయి. ఎఫ్‌డీజీ (రేడియోధార్మిక ఫ్లోరిన్-18 కలిపిన చక్కెర లాంటి మందు) అందరికీ 8 మిల్లీక్యూరీల దగ్గరలో ఇస్తాం. ఒక్కో బెడ్ పొజిషన్‌కు, అంటే ఒకసారికి తీసే శరీర భాగానికి, 2 నిమిషాలు. రీకన్‌స్ట్రక్షన్‌కు, అంటే డేటా నుంచి బొమ్మ కట్టే లెక్కకు, 3 ఇటరేషన్లు (ఆవృత్తులు), 21 సబ్‌సెట్లు (డేటా భాగాలు), చివర నునుపు చేసే 5 మిల్లీమీటర్ల గాసియన్ ఫిల్టర్.

55, 60 కిలోల మనిషికి బొమ్మ శుభ్రంగా వస్తుంది. 100 కిలోలు దాటినవారికి కాలేయమంతా చుక్కలు పడుతోంది. ఏది గడ్డో ఏది నాయిసో తేల్చలేకపోతున్నానని మా డాక్టర్ గారు తిప్పి పంపుతున్నారు. ఫిల్టర్‌ను 8 మిల్లీమీటర్లకు పెంచితే కాలేయం నున్నగా కనిపిస్తుంది కానీ చిన్న లింఫ్ గ్రంథులు మసకబారుతున్నాయని మళ్లీ ఆయనే అంటున్నారు. యాజమాన్యం ఆలోచన వేరు. ఏఐ డీనాయిసింగ్ (నాయిస్ తగ్గించే) సాఫ్ట్‌వేర్ కొంటే స్కాన్ సమయం ఇంకా తగ్గించి రోజుకు మరికొందరిని చూడవచ్చని వారి లెక్క. ముందు దేన్ని సరిచేయాలో అనుభవం ఉన్నవారు చెప్పండి.

శారద_మెడికల్‌ఫిజిక్స్

సాగర్ గారూ, 100 కిలోలు దాటితేనే ఇబ్బంది అన్నారు కదా, అక్కడి నుంచే మొదలుపెడదాం.

పాజిట్రాన్ ఒక ఎలక్ట్రాన్‌ను కలిసి నశించినప్పుడు 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల రెండు గామా కిరణాలు దాదాపు ఎదురెదురు దిక్కులకు వెళ్తాయి. రెండూ శరీరం దాటి డిటెక్టర్లకు చేరితేనే మనకు ఒక కౌంట్. ఒకటి దారిలో ఆగిపోయినా ఆ జత పోయినట్టే. ఈ శక్తి దగ్గర నీటి శోషణ గుణకం సెంటీమీటరుకు సుమారు 0.096. దాని ప్రకారం 30 సెంటీమీటర్ల మందం ఉన్న శరీరం నుంచి 100 జతల్లో 5 లేదా 6 క్షేమంగా బయటపడతాయి. 40 సెంటీమీటర్లయితే 2 మాత్రమే. మందం మూడో వంతు పెరిగితే కౌంట్లు సగానికన్నా తక్కువకు పడిపోతున్నాయి. మీరేమో ఇద్దరికీ ఒకే డోసు, ఒకే సమయం ఇస్తున్నారు. 8 మిల్లీక్యూరీలంటే 296 మెగాబెకరెల్స్. 60 కిలోల మనిషికి కిలోకు దాదాపు 5 పడుతుంటే 110 కిలోల మనిషికి 2.7 పడుతోంది.

కౌంట్లు పెరిగితే, వాటితో పోల్చిన నాయిస్ వాటి వర్గమూలం మేరకు తగ్గుతుంది. నాయిస్ సగం కావాలంటే కౌంట్లు నాలుగింతలు కావాలి. ఏ ఫిల్టరూ ఈ లెక్కను మార్చలేదు. అందులోంచి కొంత దాచగలదు, అంతే.

డోసు పెంచితే సరిపోతుంది కదా అనిపించవచ్చు. కొంతవరకే. సంబంధం లేని రెండు కిరణాలు ఒకే క్షణంలో తగిలి జతగా నమోదయ్యే రాండమ్ జతలు డోసు వర్గంతో పెరుగుతాయి. డోసు రెండింతలు చేస్తే నిజమైన జతలు రెండింతలు, రాండమ్‌లు నాలుగింతలు. దారి మళ్లి వచ్చే స్కాటర్ జతలు వీటికి తోడు. మూడు కొలతల పద్ధతిలో తీసే స్కాన్‌లో ఇవి మొత్తంలో మూడో వంతు వరకూ ఉంటాయి, లావైన శరీరంలో ఇంకా ఎక్కువ. నిజమైన జతల సంఖ్య వర్గాన్ని మొత్తం జతలతో భాగిస్తే వచ్చే సంఖ్యనే మేం అసలైన ఉపయోగకర కౌంట్ల కొలతగా చూస్తాం. డోసు పెంచుతూ పోతే అది ఒక శిఖరానికి చేరి తర్వాత దిగుతుంది. సమయం పెంచితే అలాంటి శిక్ష లేదు. యూరోపియన్ మార్గదర్శకాలు కూడా 90 కిలోలు దాటినవారికి డోసుకన్నా బెడ్ సమయం పెంచమనే చెబుతాయి.

ముందు సమయాన్ని బరువుతో ముడిపెట్టండి. తర్వాత మిగతావి మాట్లాడుకుందాం.

ప్రకాశ్_సర్వీస్

శారద గారు చెప్పినదానికి ముందు ఒక మెట్టు ఉంది. యంత్రం ఆరోగ్యంగా ఉందో లేదో చూశారా? రోజూ ఉదయం తీసే క్వాలిటీ చెక్‌లో పాస్ అని పచ్చగుర్తు వచ్చిందని వదిలేయకండి. సైనోగ్రామ్ (డిటెక్టర్ల ముడి కౌంట్ల పటం) తెరిచి చూడండి. ఒక డిటెక్టర్ బ్లాక్ బలహీనపడితే ఏటవాలు గీత కనిపిస్తుంది. గెయిన్ (సంకేతాన్ని పెంచే స్థాయి) జారిపోతే శక్తి కిటికీలోంచి (కౌంట్‌గా ఒప్పుకునే శక్తి పరిధిలోంచి) మంచి కౌంట్లు బయటికి పోయి చెడ్డవి లోపలికి వస్తాయి. నార్మలైజేషన్ (డిటెక్టర్ల మధ్య తేడాల దిద్దుబాటు) ఎప్పుడు చేశారు? స్కానర్ గది ఏసీ రాత్రి ఆపేసే అలవాటు చాలా చోట్ల ఉంది. ఉష్ణోగ్రత మారితే డిటెక్టర్ల స్పందన మారుతుంది.

ఇంకొకటి గడియారాలు. డోస్ కాలిబ్రేటర్ పక్కనున్న గోడ గడియారానికీ స్కానర్ కన్సోల్‌కూ 10 నిమిషాల తేడా ఉంటే ఎస్‌యూవీలో (ఇచ్చిన డోసు, బరువుతో పోల్చి ఒక చోట మందు ఎంత చేరిందో చెప్పే సంఖ్యలో) దాదాపు 6 శాతం తప్పు వస్తుంది. ఇది నాయిస్ కాదు కానీ బొమ్మ బాగుపడిందని సంబరపడేలోపు సంఖ్య తప్పు అవుతుంది.

సాగర్_పెట్‌టెక్ (హైదరాబాద్)

ధన్యవాదాలు ప్రకాశ్ గారూ. నార్మలైజేషన్ ఈ మధ్యే జరిగింది, సైనోగ్రామ్‌లో గీతలు లేవు. గడియారాలు రేపే సరిచూస్తాను. శారద గారూ, సమయం పెంచుతామంటే రోజువారీ సంఖ్య తగ్గుతుందని యాజమాన్యం ఒప్పుకోవడం కష్టం. ఫిల్టర్‌తో ఎంతవరకు నెట్టుకురావచ్చు?

డాక్టర్_నరహరి (న్యూక్లియర్ మెడిసిన్)

సాగర్, ఫిల్టర్ విషయంలో రిపోర్టు రాసేవాడిగా గట్టిగా చెబుతాను. వద్దు.

లెక్క చూడండి. మీ యంత్రం సహజ స్పష్టత 5 మిల్లీమీటర్లు అనుకుందాం. దానిమీద 5 మిల్లీమీటర్ల ఫిల్టర్ వేస్తే మొత్తం మసక సుమారు 7 మిల్లీమీటర్లు. 8 మిల్లీమీటర్ల ఫిల్టర్ వేస్తే 9.4. పెద్ద తేడాలా కనిపించదు. కానీ మసక మూడు దిక్కులా వ్యాపిస్తుంది కాబట్టి అతిచిన్న గడ్డలో ఉండే శిఖర విలువ పాతదానిలో సగంకన్నా తక్కువకు పడిపోతుంది. 6 మిల్లీమీటర్ల గ్రంథిలో వ్యాధి ఉంటే మీ ఫిల్టర్ దాన్ని నా కంటికి అందకుండా చేస్తుంది. చుక్కలున్న కాలేయంతో నేను ఎలాగో పోరాడతాను, సీటీ చూస్తాను, పాత స్కాన్ చూస్తాను. చెరిపేసిన గ్రంథిని ఎక్కడ వెతకను?

నాయిస్ వల్ల వచ్చే చేటు కూడా తక్కువేమీ కాదు. లింఫోమాలో మేం డోవిల్ స్కోరు వాడతాం, 1 నుంచి 5 వరకు. మిగిలిన గడ్డ కాలేయంకన్నా ఎక్కువ వెలిగితే 4, కాలేయం స్థాయిని మించకపోతే 3. మధ్యంతర స్కాన్‌లో 3కూ 4కూ మధ్య తేడా అంటే కీమో మార్చాలా వద్దా అన్న తేడా. చుక్కలు పడిన కాలేయంలో ఎవరైనా ఎస్‌యూవీ మ్యాక్స్ తీసుకుంటే ఆ చుక్కల్లో అత్యధికమైనది ఎంపికవుతుంది, కాలేయం విలువ లేనిపోనిదిగా పెరుగుతుంది. అప్పుడు అసలు 4 అయిన రోగి 3గా నమోదవుతాడు. వ్యాధి ఉండి కూడా లేనట్టే లెక్క. గడ్డ వైపు నాయిస్ పడితే ఇందుకు ఎదురు. అందుకే కాలేయం కుడి తమ్మెలో 3 సెంటీమీటర్ల గోళం పెట్టి సగటు తీసుకోమని పెర్సిస్ట్ విధానం (పెట్‌తో చికిత్స ఫలితం కొలిచే నియమాలు) చెబుతుంది. సాగర్, మీరు కూడా అదే గోళంలో ప్రామాణిక విచలనాన్ని సగటుతో భాగించి శాతం రాసుకోండి. 10 నుంచి 15 మధ్య ఉంటే నాకు చదవడానికి ఇబ్బంది లేదు. మీ వాళ్లది ఎంత వస్తుందో చెప్పండి.

రమ_గుంటూరు

క్షమించాలి, నేను ఈ రంగం మనిషిని కాదు. మా అమ్మకు లింఫోమా. ఆమె బరువు ఎక్కువే. ఇటీవలి స్కాన్ రిపోర్టులో చిత్ర నాణ్యత పరిమితంగా ఉందని, మళ్లీ తీస్తే మంచిదని రాశారు. డాక్టర్ గారు 3, 4 స్కోరు గురించి చెప్పింది చదివి భయం వేసింది. నాయిస్ అంటే యంత్రం పాడైందనా? మళ్లీ తీయించుకుంటే రేడియేషన్ మాటేమిటి? మా వైపు నుంచి చేయగలిగింది ఏమైనా ఉందా?

శారద_మెడికల్‌ఫిజిక్స్

రమ గారూ, నాయిస్ అంటే యంత్రం పాడైందని కాదు. చినుకులు మొదలైనప్పుడు వాకిట్లో రెండు పక్కపక్క బండలమీద కాసేపు చినుకులు లెక్కపెట్టండి. ఒకదాని మీద 7, ఇంకోదాని మీద 12 పడవచ్చు. వాన రెండింటి మీదా ఒకేలా పడుతోంది, మీరు లెక్కపెట్టిన సమయం చాలలేదు అంతే. ఎక్కువసేపు లెక్కపెడితే రెండు బండల మధ్య తేడా వాటి మొత్తంతో పోలిస్తే చిన్నదైపోతుంది. స్కానర్ చేసేది ఇదే లెక్క. మీ అమ్మగారి శరీరం మందం వల్ల చేరే చినుకులు తక్కువ, కాబట్టి ఎక్కువసేపు లెక్కపెట్టాలి.

డాక్టర్_నరహరి (న్యూక్లియర్ మెడిసిన్)

అమ్మా రమ, నాణ్యత పరిమితంగా ఉందని రిపోర్టులో రాయడం ఆ డాక్టర్ నిజాయితీ. స్పష్టంగా లేనిదాన్ని స్పష్టమని రాయలేదు. 8 మిల్లీక్యూరీల ఎఫ్‌డీజీ వల్ల సుమారు 5.6 మిల్లీసీవర్టులు వస్తాయి, సీటీది అదనం. చికిత్స మార్చే నిర్ణయం దీనిమీద ఆధారపడి ఉంటే ఆ మోతాదుకు వెనకాడవలసిన పని లేదు. నిర్ణయం మాత్రం మీ ఆంకాలజిస్టుతో కూర్చుని తీసుకోండి, ఈ వేదికమీద మేం మీ బొమ్మలు చూడలేదు.

మీరు చేయగలిగింది చాలా ఉంది. మధుమేహం ఉంటే ఆ మాట బుకింగ్ సమయంలోనే చెప్పండి, ఏ మందు ఎప్పుడు ఆపాలో వారు చెబుతారు. మెట్‌ఫార్మిన్ వల్ల పేగుల్లో ఎఫ్‌డీజీ ఎక్కువగా చేరుతుంది. స్కాన్‌కు ముందు కనీసం 4 గంటలు, వీలైతే 6 గంటలు నీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు. తినగానే వస్తే ఇన్సులిన్ పెరిగి మందంతా కండరాల్లోకి పోతుంది, గడ్డలకు చేరాల్సింది తగ్గుతుంది. చక్కెర 200 దాటితే చాలా చోట్ల వాయిదా వేస్తారు. ముందురోజు బరువులెత్తే పనులు వద్దు. ఇంజెక్షన్ తర్వాత ఆ గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా, వెచ్చగా ఉండాలి. చలి వేస్తే మెడ చుట్టూ ఉండే గోధుమరంగు కొవ్వు వెలిగి గ్రంథులతో కలిసిపోతుంది. నీళ్లు బాగా తాగి, స్కాన్‌కు ముందు మూత్రవిసర్జన చేయించండి.

లక్ష్మి_విశాఖ (టెక్నాలజిస్టు)

డాక్టర్ గారు చెప్పినవాటికి టెక్నాలజిస్టు వైపు నుంచి కొన్ని చేరుస్తాను. వీటిలో ఏదీ డబ్బు అడగదు.

కాన్యులా సరిగా లేక మందు కొంత చేతి కండలోనే నిలిచిపోతే, 8 ఇచ్చామని రాసుకుంటాం కానీ శరీరంలో తిరిగేది 6 అయి ఉండవచ్చు. సెలైన్‌తో ముందు పరీక్షించి, తర్వాత సిరంజిని రెండుసార్లు కడిగి ఎక్కించాలి. సిరంజిలో మిగిలింది మళ్లీ కొలవాలి. రొమ్ము క్యాన్సర్ రోగులకైతే వ్యాధి ఏ వైపో కనుక్కుని అవతలి చేతికి ఇవ్వాలి.

బరువున్నవారు చేతులు తలపైకి పెట్టలేమంటారు. దిండ్లు, పట్టీలు పెట్టి ఎలాగైనా ఒప్పించండి. చేతులు పక్కన ఉంటే ఛాతీ దగ్గర మందం ఇంకా పెరుగుతుంది. సీటీ పరిధి బయటికి చేతులు పోతే శోషణ దిద్దుబాటు (శరీరంలో ఆగిపోయిన కిరణాలను సీటీ ఆధారంగా లెక్కకట్టడం) అక్కడ కోసినట్టు తెగుతుంది, అంచుల్లో చారలు వస్తాయి.

ఊపిరి గురించి ఎవరూ చెప్పలేదు. సీటీ కొన్ని సెకన్లలో అయిపోతుంది, పెట్ నిమిషాలపాటు నడుస్తుంది. సీటీ తీసేటప్పుడు గట్టిగా ఊపిరి బిగబట్టమంటే డయాఫ్రమ్ కిందికి దిగి, పెట్‌లో కాలేయం పైఅంచున ఖాళీ వంపు కనిపిస్తుంది. అక్కడున్న గడ్డ తప్పుచోట పడుతుంది. నెమ్మదిగా మామూలు ఊపిరి తీయమనండి.

ఇంకొక మాట. మాకు ఐసోటోప్ బయటి నుంచి వస్తుంది. ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలు. ఉదయం 10 మిల్లీక్యూరీలుగా లెక్కించిన సిరంజి రెండు గంటల తర్వాత 4.7 అవుతుంది. విమానం ఆలస్యమైన రోజున డోసు పెంచే అవకాశమే ఉండదు. అందుకే బరువు ఎక్కువున్నవారిని మందు రాగానే మొదట ఎక్కిస్తాం, సన్నని వారిని తర్వాత పెడతాం. జాబితా పేర్ల వరుసలో కాకుండా ఇలా అమర్చుకుంటే చాలా ఫలితం ఉంటుంది.

శారద_మెడికల్‌ఫిజిక్స్

లక్ష్మి గారూ, ఆ వరుస చిట్కా ఎంత బాగుందో. మా ఫిజిసిస్టులకు కాగితంమీద తోచదు.

ఊపిరికి గేటింగ్, అంటే ఊపిరి దశల వారీగా కౌంట్లను విడదీయడం, ఒక మార్గం. కానీ ఊపిరి చక్రాన్ని 6 భాగాలు చేస్తే ఒక్కో భాగానికి ఆరో వంతు కౌంట్లే వస్తాయి, నాయిస్ దాదాపు రెండున్నర రెట్లు. కదలిక సరిచేసి ఆ భాగాలన్నిటినీ మళ్లీ కలిపే పద్ధతి ఉంటేనే అది మేలు. లేకపోతే ఒక జబ్బు పోగొట్టి ఇంకొకటి తెచ్చుకున్నట్టే.

వాసు_మ్యూనిక్ (ఇమేజ్ ప్రాసెసింగ్)

ఆలస్యంగా వచ్చాను. పెట్ పునర్నిర్మాణ సాఫ్ట్‌వేర్‌మీద పనిచేస్తున్నాను. ఇక్కడ ఏఐని గురించి ఎవరూ మంచి మాట అనలేదు కాబట్టి ఆ పక్షాన నేను నిలబడతాను.

దానికి ముందు సాగర్ గారి రీకన్‌స్ట్రక్షన్ గురించి. షెప్, వార్డీ 1982లో రాసిన గరిష్ఠ సంభావ్యత పద్ధతి కౌంట్ల యాదృచ్ఛికతను లెక్కలోకి తీసుకుంది. కానీ నెమ్మది. 1994లో హడ్సన్, లార్కిన్ డేటాను సబ్‌సెట్లుగా చీల్చి వేగం పెంచారు. మీ 3 ఇటరేషన్లు, 21 సబ్‌సెట్లు అదే. ఈ పద్ధతి స్వభావం ఏమిటంటే ఇటరేషన్లు పెరిగేకొద్దీ ముందు శరీరం స్పష్టపడుతుంది, తర్వాత నాయిస్ స్పష్టపడుతుంది. డేటాకు అతిగా అతుక్కునేకొద్దీ దానిలోని చుక్కలకూ అతుక్కుంటుంది. మీకు 63 అప్‌డేట్లు అవుతున్నాయి. 2 ఇటరేషన్లతో తీసి చూడండి, నాయిస్ తగ్గుతుంది. కానీ 10 మిల్లీమీటర్ల గోళం విలువ ఎంత తగ్గిందో ఫాంటమ్‌లో (తెలిసిన మోతాదు నింపిన పరీక్ష నమూనాలో) చూడకుండా మార్చకండి.

కొత్త యంత్రాల్లో పెనాల్టీ ఉన్న పద్ధతి ఉంటుంది. పక్కపక్క వోక్సెళ్ల (బొమ్మలోని చిన్న ఘనాల) మధ్య అసహజమైన తేడాకు జరిమానా వేస్తుంది కాబట్టి ఎన్ని ఇటరేషన్లయినా నడిపించవచ్చు. ఆ జరిమానా బలాన్ని బీటా అనే సంఖ్యతో మారుస్తారు. చదునైన కాలేయంలో నునుపు, పదునైన గడ్డలో పదును రెండూ కొంతవరకు దక్కుతాయి. డిటెక్టర్ మసకను వెనక్కి లెక్కించే పీఎస్‌ఎఫ్ మోడలింగ్ కూడా పెట్టారేమో చూడండి. అది స్పష్టత ఇస్తుంది కానీ అంచుల దగ్గర ఎగదోస్తుంది. మధ్యస్థ పరిమాణపు గడ్డల్లో ఎస్‌యూవీ అసలుకన్నా ఎక్కువగా కనిపించవచ్చు.

ఇక టైమ్ ఆఫ్ ఫ్లైట్. మీ యంత్రం సమయ స్పష్టత 500 పికోసెకన్లయితే ప్రతి జత ఎక్కడ పుట్టిందో 7.5 సెంటీమీటర్ల లోపల చెప్పగలదు. లాభం సుమారుగా శరీర వ్యాసాన్ని ఆ దూరంతో భాగించి తీసిన వర్గమూలం. 25 సెంటీమీటర్ల మనిషికి 1.8, 40 సెంటీమీటర్ల మనిషికి 2.3. కష్టం ఎక్కువున్నచోటే సాయం ఎక్కువ. 214 పికోసెకన్ల స్పష్టత ఉన్న యంత్రాలు కూడా వచ్చాయి, వాటికి దూరం 3.2 సెంటీమీటర్లు. పాత ప్రోటోకాల్‌లో ఎవరైనా దీన్ని ఆపేసి ఉంచలేదు కదా? అలాంటివి చూశాను.

ఏఐ సంగతి తర్వాతి పోస్టులో రాస్తాను.

వాసు_మ్యూనిక్ (ఇమేజ్ ప్రాసెసింగ్)

పెట్ డేటా లిస్ట్ మోడ్‌లో ఉంటే ప్రతి కౌంట్‌కూ సమయం రాసి ఉంటుంది. కాబట్టి ఒకే స్కాన్‌లోంచి నాలుగో వంతు కౌంట్లు తీసుకుని బొమ్మ చేయవచ్చు, పూర్తి కౌంట్లతో ఇంకొకటి చేయవచ్చు. ఇలాంటి జంటలు చాలా చూపించి, మొదటిదాన్నుంచి రెండోదాన్ని ఊహించమని నెట్‌వర్క్‌కు (ఉదాహరణల నుంచి నేర్చుకునే ఏఐ ప్రోగ్రామ్‌కు) నేర్పుతారు. రోగికి అదనపు రేడియేషన్ లేకుండా శిక్షణ డేటా దొరకడం పెట్‌కు ఉన్న వరం. అమెరికా ఎఫ్‌డీఏ ఇలాంటి ఒక సాఫ్ట్‌వేర్‌కు 2018లోనే అనుమతి ఇచ్చింది. గాసియన్ ఫిల్టర్ గుడ్డిగా అంతటా ఒకేలా మసక చేస్తుంది. నెట్‌వర్క్ మెదడు ఎలా ఉంటుందో, కాలేయం ఎలా ఉంటుందో నేర్చుకుని ఉంటుంది. సమాన నాయిస్ దగ్గర పోల్చితే ఎక్కువసార్లు నెట్‌వర్క్‌దే పైచేయి. చిన్నపిల్లలకు డోసు తగ్గించడానికి దీన్ని మించిన దారి నాకు కనిపించడం లేదు.

డాక్టర్_నరహరి (న్యూక్లియర్ మెడిసిన్)

వాసు గారూ, మీ మాటల్లోనే నా అభ్యంతరం ఉంది. కాలేయం ఎలా ఉంటుందో నేర్చుకుంది అన్నారు. నేను వెతికేది అలా లేని కాలేయాన్ని.

ఊపిరితిత్తిలో 7 మిల్లీమీటర్ల గడ్డ, వెలుగు అంతంత మాత్రం. తక్కువ కౌంట్లలో అది నాయిస్ చుక్కలాగే ఉంటుంది. సగటు తప్పు తగ్గించమని నేర్పిన నెట్‌వర్క్ రెండింటినీ చూసి మధ్యేమార్గం పడుతుంది, గడ్డ విలువ కిందికి లాగుతుంది. పైగా బొమ్మ చూడటానికి చాలా అందంగా ఉంటుంది. చుక్కలున్న బొమ్మ జాగ్రత్తగా ఉండమని నన్ను హెచ్చరిస్తుంది. అందమైన బొమ్మ ఆ హెచ్చరికను తీసేస్తుంది. సమాచారం లేనిచోట సమాచారం ఉన్నట్టు కనిపించడం నాకు అన్నిటికన్నా భయం.

ఎఫ్‌డీజీతో శిక్షణ పొందినదాన్ని గాలియం-68 పీఎస్‌ఎంఏ (ప్రోస్టేట్ క్యాన్సర్‌కు తీసే) స్కాన్‌మీద వాడుతున్నవారిని కూడా ఎరుగుదును. గాలియం అర్ధాయువు 68 నిమిషాలు, డోసు తక్కువ, పాజిట్రాన్ శక్తి ఎక్కువ కాబట్టి దూరం ప్రయాణిస్తుంది. నాయిస్ స్వభావం వేరు, వెలిగే అవయవాలు వేరు. అక్కడ ఆ నెట్‌వర్క్‌ను ఎలా నమ్మాలి?

వాసు_మ్యూనిక్ (ఇమేజ్ ప్రాసెసింగ్)

ట్రేసర్ (ఎక్కించే రేడియోధార్మిక మందు) విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. శిక్షణలో లేని ట్రేసర్‌మీద, శిక్షణలో లేని కౌంట్ల స్థాయిమీద వాడకూడదు. విక్రేతను మొదట అడగాల్సిన ప్రశ్న అదే.

గడ్డ కిందికి జారడం కూడా నిజమే. కానీ అది కొలవదగిన విషయం, నమ్మకాల విషయం కాదు. మీ దగ్గర ఇప్పటికే తీసిన పూర్తి స్కాన్‌ల లిస్ట్ మోడ్ డేటా ఉంటే, దాన్ని సగం, నాలుగో వంతు చేసి, ఒక్కోదాన్ని వేర్వేరు కౌంట్లతో పలుమార్లు తయారుచేయండి. ప్రతిదాన్నీ సాఫ్ట్‌వేర్ గుండా పంపండి. ప్రతి గడ్డకూ ఎస్‌యూవీ రాయండి. పలు నకళ్లలో విలువ ఊగిసలాడితే నాయిస్ మిగిలి ఉంది. ఊగిసలాట లేకుండా అన్నిటిలోనూ ఒకే వైపు తగ్గితే, అది మీరు భయపడే జారుడు. ముందు, తర్వాత బొమ్మల తేడాను కూడా చూడండి. తేడా బొమ్మలో నాయిస్ మాత్రమే ఉండాలి. గడ్డ ఆకారం కనిపించిందా, సాఫ్ట్‌వేర్ గడ్డను తిన్నట్టే.

శారద_మెడికల్‌ఫిజిక్స్

తేడా బొమ్మ చూడమన్న సలహాను ఈ చర్చ చదివే ప్రతి కేంద్రమూ గుర్తుపెట్టుకోవాలి. విక్రేతలు చూపే ప్రదర్శనల్లో అది ఎప్పుడూ ఉండదు. అడిగి తీయించుకోండి.

నాదొక అభ్యంతరం ఉంది, అది సాఫ్ట్‌వేర్‌మీద కాదు. అదే 2 నిమిషాల స్కాన్‌ను మెరుగుపరచడానికి వాడితే రోగికి లాభం. 1 నిమిషానికి తగ్గించడానికి వాడితే లాభం కేంద్రానికి, ప్రమాదం రోగికి. సాగర్ గారి యాజమాన్యం రెండోది అడుగుతోంది, అదీ ఇప్పటికే కౌంట్లు చాలని 100 కిలోల రోగులతో.

రమ_గుంటూరు

చాలావరకు అర్థమైంది, అందరికీ కృతజ్ఞతలు. ఒక నిమిషంలో ఒళ్లంతా స్కాన్ తీసే యంత్రాలు వచ్చాయని విన్నాను. అవి ఇలాంటి సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తాయా?

వాసు_మ్యూనిక్ (ఇమేజ్ ప్రాసెసింగ్)

రమ గారూ, వాటి బలం సాఫ్ట్‌వేర్ కాదు, పొడవు. మామూలు యంత్రం ఒకసారికి శరీరంలో 20 నుంచి 25 సెంటీమీటర్ల ముక్కనే చూస్తుంది, మిగతా శరీరం నుంచి వెలువడే కిరణాలన్నీ వృథా. అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సైమన్ చెరీ, రామ్సీ బదావీ బృందం చేపట్టిన ఎక్స్‌ప్లోరర్ యంత్రం పొడవు 194 సెంటీమీటర్లు. మనిషి మొత్తం ఒకేసారి అందులో ఉంటాడు. అందులో 5 లక్షలకు పైగా స్ఫటికాలు ఉన్నాయి. ఒళ్లంతా తీసే స్కాన్‌కు మామూలు యంత్రంకన్నా దాదాపు 40 రెట్లు కౌంట్లు దొరుకుతాయని అంచనా. 2018లో మొదటి మనుషుల బొమ్మలు వచ్చినప్పుడు, ఇంజెక్షన్ ఇచ్చిన 10 గంటల తర్వాత కూడా చదవదగిన బొమ్మ తీయగలిగారు. అప్పటికి ఫ్లోరిన్-18 అయిదు అర్ధాయువులు దాటిపోయి ఉంటుంది. 106 సెంటీమీటర్ల యంత్రాలు కూడా ఇప్పుడు వాడకంలో ఉన్నాయి. ధర మాత్రం సామాన్యం కాదు.

సాగర్_పెట్‌టెక్ (హైదరాబాద్)

అందరి సలహాలతో పని మొదలుపెట్టాను. గోడ గడియారం తప్పు నడుస్తోంది, సరిచేశాం. టైమ్ ఆఫ్ ఫ్లైట్ ఆన్‌లోనే ఉంది. నరహరి గారు చెప్పిన పద్ధతిలో 100 కిలోలు దాటిన రోగుల కాలేయంలో కొలిస్తే 19 శాతం దగ్గర వచ్చింది. అంత బరువున్నవారికి ఇప్పుడు బెడ్‌కు 4 నిమిషాలు తీస్తున్నాం, 13 దగ్గరకు దిగింది. ఫిల్టర్ 5 మిల్లీమీటర్ల దగ్గరే ఉంచాం.

యాజమాన్యానికి వేరే లెక్క చూపించాను. 60 కిలోల లోపు వారికి అదే 8 మిల్లీక్యూరీలతో 2 నిమిషాలు అవసరానికి మించి ఉంది. వారి కాలేయం శాతం చూసి, డాక్టర్ గారి ఒప్పుదలతో ఒకటిన్నర నిమిషానికి తగ్గించాం. బరువున్నవారికి పెంచిన సమయం చాలావరకు అక్కడే దొరికింది. రోజువారీ సంఖ్య పెద్దగా తగ్గలేదు. ఏఐ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షకు ఇస్తామని కంపెనీ అంది. వాసు గారు చెప్పిన పరీక్ష చేశాకే మాట్లాడతామని చెప్పాం. ఆ పరీక్షకు ఎలాంటి రోగులను ఎంచుకోవాలి?

డాక్టర్_నరహరి (న్యూక్లియర్ మెడిసిన్)

చాలా సంతోషం సాగర్. అన్ని బరువులవారినీ తీసుకోండి. పెద్దగా వెలిగే గడ్డలున్నవారిని తీసుకుంటే ఏ సాఫ్ట్‌వేరైనా నెగ్గుతుంది. 10 మిల్లీమీటర్ల లోపు గడ్డలు, కాలేయంకన్నా కొంచెమే ఎక్కువ వెలిగేవి, ఊపిరితిత్తి అడుగున ఉన్నవి కావాలి. ఏ గడ్డా లేని స్కాన్‌లు కూడా కలపండి, లేనిదాన్ని పుట్టిస్తోందేమో తెలియాలి. చదివే డాక్టర్‌కు ఏది ఏదో చెప్పకండి.

శారద_మెడికల్‌ఫిజిక్స్

ఫాంటమ్ పని కూడా దానితోపాటే చేయండి. 10, 13, 17, 22, 28, 37 మిల్లీమీటర్ల ఆరు గోళాలుండే నీమా ఫాంటమ్ మీ ఊళ్లో ఏదో ఒక కేంద్రంలో ఉంటుంది, అడిగి తెచ్చుకోండి. ప్రతి గోళంలోనూ ఉండాల్సిన విలువలో ఎంత తిరిగి వచ్చిందో రాసి ఉంచండి. రేపు రీకన్‌స్ట్రక్షన్‌లో ఏది మార్చినా పోల్చడానికి ఆ కాగితం ఉండాలి. అయితే నునుపైన గుండ్రని గోళాలు నెట్‌వర్క్‌కు తేలిక, కాబట్టి ఏఐ విషయంలో ఫాంటమ్‌తో సరిపెట్టకండి, రోగుల డేటా పరీక్ష తప్పదు.

చికిత్స మధ్యలో ఉన్నవారి మొదటి స్కాన్ పాత పద్ధతిలో తీసి ఉంటుంది. ఇటరేషన్లు మార్చినా, ఏఐ చేర్చినా రెండో స్కాన్‌లో ఎస్‌యూవీ వ్యాధి వల్ల మారిందో, లెక్క వల్ల మారిందో తెలియదు. వారి చికిత్స ముగిసేవరకు ప్రతి స్కాన్‌నూ పాత సెట్టింగులతో ఒకటి, కొత్తవాటితో ఒకటి రెండు రకాలుగా తయారుచేయండి. పోలికకు పాతదాన్నే వాడమని రిపోర్టులో రాయించండి. ఆలోగా ముడి డేటాను చెరపకండి. డిస్క్ నిండిపోతోందని మొదట తీసేసేది దాన్నే. సర్వర్ చూసేవారితో ఈ వారమే మాట్లాడండి.